జెట్‌ను హ్యాంగర్‌లోకి నెట్టే టగ్: ఏది కొనాలో గుమ్మం దగ్గర తేల్చుకోండి

విమానాన్ని దాని షెడ్డులోకి, అంటే హ్యాంగర్‌లోకి, నెట్టే బండే టగ్. దాన్ని కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని టన్నులు లాగుతుంది?" అమ్మేవాళ్లకూ ఈ ప్రశ్నంటే ఇష్టమే, బ్రోషర్‌లో అన్నిటికంటే పెద్దక్షరాల్లో ఉండేది ఆ అంకే కాబట్టి. నిజానికి చదునైన పొడి కాంక్రీట్ మీద విమానాన్ని కదిలించడం ఏ టగ్‌కైనా పెద్ద పనేం కాదు. తంటా అంతా చివరి పది మీటర్లలో ఉంటుంది. తలుపు దొర్లే పట్టాల గాడి, వాన నీళ్లు లోపలికి రాకుండా గుమ్మం ముందు ఇచ్చిన వాలు, తడి అయితే సబ్బు రాసినట్టు జారే ఎపాక్సీ పూత నేల, రెక్క కొసకీ తలుపు స్తంభానికీ మధ్య మిగిలే కాస్త జాగా. టగ్ పనికొస్తుందా లేదా అనేది అక్కడ తేలుతుంది. కాబట్టి కేటలాగ్ తెరిచే ముందు టేప్ పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లండి.

బలం ఎంత కావాలి

ఒక మధ్య సైజు జెట్‌ను తీసుకుందాం. చాలెంజర్ 350 గరిష్ఠ టేకాఫ్ బరువు 18,400 కిలోల పైచిలుకు. గట్టి నేల మీద దాన్ని దొర్లిస్తూ ఉండటానికి బరువులో 2 శాతం దాకా లాగుడు కావాలనుకుంటే 370 కిలోలు. గుమ్మం ముందు వాలు 2 శాతం ఉంటే ఇంకో 370. ఆగి ఉన్నదాన్ని మొదట కదిలించడానికి, టైర్లలో గాలి కొంచెం తక్కువగా ఉన్న రోజుకి, కాస్త మార్జిన్ కలుపుకుంటే 1,100 కిలోల లాగుడు అవుతుంది. ఇదే లెక్క సిరస్ విజన్ జెట్‌కి కడితే, దాని బరువు 2,700 కిలోలే కాబట్టి, 160 కిలోల దగ్గర ఆగిపోతుంది. అన్నీ జెట్లే అయినా టగ్ విషయంలో వాటికి పోలికే లేదు. హ్యాంగర్‌లోకి వచ్చేటప్పుడు ఇంధనం ఎలాగూ తక్కువే ఉంటుంది కదా అని తక్కువ బరువుతో లెక్క కట్టకండి. ట్యాంకులు నింపాక ట్రిప్ రద్దయి, నిండు బరువుతో విమానం మళ్లీ లోపలికి రావాల్సిన రాత్రి ఒకటి తప్పకుండా వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మోటార్‌లో బలం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ బలాన్ని నేలకు అందించే పట్టు చక్రాలకు ఉండాలి. పొడి కాంక్రీట్ మీద టగ్ తన బరువులో సుమారు 70 శాతం దాకా లాగగలదు. అదే నేల తడిస్తే 50 శాతానికి, తడి ఎపాక్సీ మీద ఇంకా కిందికి పడిపోతుంది. అంటే 1,100 కిలోల లాగుడు కావాలంటే తడి కాంక్రీట్ మీద టగ్ బరువే 2,200 కిలోలు ఉండాలి. తేలికైన టగ్‌కి ఎంత పెద్ద మోటార్ బిగించినా చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, నేల మీద నల్లటి మరకలు మిగులుతాయి. తెల్లటి ఎపాక్సీ వేయించుకున్న ఓనర్‌కి ఆ మరకలు చూపించి చూడండి, టగ్ బరువు ఎందుకు ముఖ్యమో మీరు చెప్పక్కర్లేదు. మరక పడని టైర్లు కావాలని ఆర్డర్‌లోనే రాయించండి.

పట్టాల గాడి

దీని గురించి సేల్స్‌వాళ్లు మాట్లాడగా నేను వినలేదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను. స్లైడింగ్ తలుపుల హ్యాంగర్‌కి గుమ్మంలో నేల మీద పట్టా ఉంటుంది. దాని అంచు ఒక 25 మిల్లీమీటర్లు లేచి ఉందనుకోండి. 20 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గట్టి చక్రం ఆ మెట్టు ఎక్కాలంటే, ఆ చక్రం మీద పడే బరువులో దాదాపు సగానికి సమానమైన బలంతో అడ్డంగా నెట్టాలి. చక్రం వ్యాసార్ధం 10 సెంటీమీటర్లే అయితే దాదాపు తొంభై శాతం! గాలి టైరు కాస్త నొక్కుకుని అంచుని మింగేస్తుంది కాబట్టి విమానం చక్రాలకు ఇంత కష్టం ఉండదు. కొన్ని టగ్‌లకు వెనకవైపు ఉండే చిన్న గట్టి చక్రాలు మాత్రం అక్కడే మొరాయిస్తాయి.

అలా ఆగినప్పుడు డ్రైవర్‌కి వచ్చే మొదటి ఆలోచన: కొంచెం వెనక్కి వెళ్లి ఊపు మీద కొడదాం. నేను పనిచేసిన ఒక హ్యాంగర్‌లో వానాకాలం సాయంత్రం ఇదే జరిగింది. ఊపుతో గాడి దాటింది, బానే ఉంది. ఆ ఊపులో విమానం అర మీటరు పక్కకి ఒరిగింది. కుడి రెక్క వెనక అంచున ఉండే స్టాటిక్ విక్, అదే పెన్సిల్ లాంటి సన్నటి కడ్డీ, తలుపు స్తంభానికి తగిలి విరిగి కింద పడింది. చూస్తే చిన్న ముక్కే. ఇంకో నాలుగు వేళ్లు పక్కకి వెళ్లి ఉంటే రెక్కే తగిలేది. ఆ తర్వాత గాడి మీద ఇనుప పలక వేయించారు. పెద్ద టగ్ కొనడం కంటే గాడిని పూడ్చడం చవక. ముందు ఆ పని చేయించి, తర్వాత టగ్ చూడండి.

టో బార్‌తో లాగే ట్రాక్టర్

అన్నిటికంటే పాత పద్ధతి. టో బార్ అనే లాగుడు కడ్డీ ఒక కొస ట్రాక్టర్‌కి, ఇంకో కొస విమానం ముక్కు చక్రానికి. ట్రాక్టర్ గట్టిది, రిపేర్ తెలిసిన మెకానిక్ ఎక్కడైనా దొరుకుతాడు, పని ఎక్కువ ఉన్న చోట రోజంతా నడుస్తుంది. పార్కింగ్ నుంచి హ్యాంగర్‌కి కిలోమీటరు దూరం ఉంటే నా ఓటు దీనికే.

ఇబ్బంది వెనక్కి నెట్టేటప్పుడు మొదలవుతుంది. ట్రెయిలర్‌ని రివర్స్ చేసినవాళ్లకి ఇది తెలుసు: స్టీరింగ్ ఒకవైపు తిప్పితే వెనకది ఇంకోవైపు పోతుంది. ఇక్కడ మధ్యలో బార్, దాని రెండు కొసల్లో రెండు కీళ్లు. బాగా అలవాటైన చెయ్యి అయితే తప్ప తిన్నగా నెట్టలేదు. నెలకి నాలుగుసార్లు మాత్రమే టగ్ ఎక్కే మనిషికి ఆ అలవాటు ఎప్పటికీ రాదు, ప్రైవేట్ జెట్ల దగ్గర ఉండేది ఎక్కువగా అలాంటివాళ్లే.

బార్ తల విమానం మోడల్‌ని బట్టి మారుతుంది. ఒకే జెట్ ఉంటే ఒక బార్ చాలు. రకరకాల విమానాలు వచ్చిపోయే హ్యాంగర్ అయితే గోడకి బార్లు వరసగా వేలాడుతుంటాయి, లేదా తలలు మార్చుకునే బార్ ఒకటి కొనాలి. ప్రతి బార్‌లోనూ షియర్ పిన్‌లు ఉంటాయి. బలం మితిమీరితే ముందు అవి తెగి నోస్ గేర్‌ను, అంటే ముక్కు చక్రాన్ని మోసే కాలును, కాపాడతాయి. ఆ పిన్ మాటిమాటికీ తెగుతోందని దాని స్థానంలో మామూలు గట్టి బోల్ట్ బిగించిన బార్‌ని నేను కళ్లారా చూశాను. ఫ్యూజ్ పోతోందని రాగి తీగ కట్టినట్టే! పిన్ తెగితే పోయేది పది నిమిషాలు, నోస్ గేర్ దెబ్బ తింటే విమానం వారాల తరబడి కదలదు. సెకండ్ హ్యాండ్ బార్ కొంటే మొదట ఆ పిన్ బయటికి తీసి చూడండి.

ఇంకో సంగతి. వాలు మీద నెడుతుండగా పిన్ తెగితే విమానాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. కాక్‌పిట్‌లో బ్రేక్ మీద కాలు పెట్టుకుని ఒక మనిషి ఉండాల్సింది అందుకే. ఆ మనిషి కూడా టో మొదలయ్యే ముందే బ్రేక్ ప్రెషర్ ఉందో లేదో చూసుకోవాలి. ఎన్నో రోజులు నిలిపి ఉంచిన విమానంలో ఆ ప్రెషర్ దిగిపోయి ఉండొచ్చు.

బార్ లేకుండా ముక్కు చక్రాన్ని ఎత్తే టగ్

ఇది ముక్కు చక్రం కిందికి దూరి, దాన్ని తొట్టిలాంటి ఊయలలోకి లాక్కుని, పైకెత్తుతుంది. డ్రైవర్ కూర్చుని నడిపే బ్యాటరీ టగ్‌లలో లెక్ట్రో పేరు బిజినెస్ జెట్ హ్యాంగర్లలో బాగా వినబడుతుంది.

దీని గొప్పతనం పట్టు లెక్కలో కనిపిస్తుంది. విమానం బరువులో సుమారు పదో వంతు ముక్కు చక్రం మీద ఉంటుంది. మన 18,400 కిలోల జెట్ అయితే 1,800 కిలోలు. ఆ బరువంతా ఇప్పుడు టగ్ మీదికి వస్తుంది, అందులో ఎక్కువ భాగం నడిపే చక్రాల మీద పడేలా డిజైన్ చేస్తారు. విమానం తన బరువుతో తనని లాగే టగ్‌కే పట్టు ఇస్తుందన్నమాట. అందుకే ఈ రకం టగ్ తేలిగ్గా ఉన్నా తడి నేల మీద పని చేస్తుంది. కీళ్ల గొడవ లేదు కాబట్టి వెనక్కి నెట్టడం అరగంటలో ఎవరికైనా అర్థమవుతుంది. బార్ పొడవు, ట్రాక్టర్ పొడవు రెండూ పోయి, ముక్కు ముందు కావాల్సిన జాగా కూడా బాగా తగ్గుతుంది.

మరి చిక్కులు లేవా అంటే ఉన్నాయి. చక్రాన్ని టగ్ గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎంత తిప్పుతున్నామో చేతికి తెలియదు. ప్రతి జెట్‌కీ ముక్కు చక్రం తిరిగే హద్దు ఒకటి ఉంటుంది, చాలావాటికి నోస్ గేర్ మీద ఎర్రటి గీతలు కూడా వేసి ఉంటాయి. ఆ హద్దు దాటితే లోపల స్టీరింగ్ స్టాప్‌లు విరుగుతాయి. దారుణం ఏంటంటే బయటికి ఏమీ కనిపించదు, మర్నాడు పైలట్ విమానాన్ని నేల మీద నడిపితేగానీ బయటపడదు. అందుకే హద్దుకి దగ్గరైతే అలారం మోగే ఏర్పాటు ఉందా, అది మీ విమానం డిగ్రీలకే సెట్ అవుతుందా అని అడగండి. కొన్ని విమానాలకు టో చేసే ముందు నోస్ గేర్ టార్క్ లింక్ (ముక్కు చక్రాన్ని స్టీరింగ్‌తో కలిపే కీలు) విడదీయాలి. మాన్యువల్‌లో ఆ మాట ఉంటే అది ఏ టగ్‌కైనా వర్తిస్తుంది.

రెండోది తోక ఎత్తు. ముక్కుని ఎత్తితే తోక కిందికి దిగుతుంది. ప్రధాన చక్రాల నుంచి ముక్కు చక్రం ఎంత దూరమో తోకా అంతే దూరం అనుకుంటే, ముక్కు 15 సెంటీమీటర్లు లేస్తే తోక 15 దిగుతుంది. గుమ్మం దాటేటప్పుడు ఇది లాభమే. లోపలికి వెళ్లాక ముక్కు దించేస్తారు, అప్పుడు తోక పైకి లేస్తుంది. సరిగ్గా ఆ చోట పైన దీపమో, పైపో, తలుపు దూలమో ఉంటే? టి-ఆకారపు తోక ఉన్న జెట్లకు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

మూడోది, మీ చక్రం ఊయలలో సరిపోవాలి. ఒంటి చక్రమా జంట చక్రాలా, చక్రం వెడల్పు ఎంత, నోస్ గేర్ తలుపులు ఎంత కిందికి వేలాడతాయి, ఇవి కొలిచి ఇవ్వండి. "అన్ని విమానాలకీ సరిపోతుంది" అన్న మాట నమ్మకండి, అడాప్టర్ అవసరమేమో చూసుకోండి.

చేతిలో రిమోట్

బార్ లేని టగ్‌కే డ్రైవర్ సీటు తీసేసి రిమోట్ ఇస్తే ఈ రకం. జర్మనీకి చెందిన మోటోటాక్ పేరు అందరికీ తెలిసిందే. హీత్రో టెర్మినల్ 5లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన ఎయిర్‌బస్ విమానాల పుష్‌బ్యాక్‌కి, అంటే గేటు నుంచి వెనక్కి నెట్టడానికి కూడా వీటిని వాడింది. కాబట్టి రిమోట్ టగ్ అంటే బొమ్మ కారు అనుకోకండి.

ఇరుకు హ్యాంగర్‌కి నా మొదటి ఎంపిక ఇదే. కారణం చెబుతాను. సీట్లో కూర్చున్న డ్రైవర్‌కి ముక్కు కనిపిస్తుంది, రెక్క కొసలు కనిపించవు. రిమోట్ పట్టుకున్న మనిషి నడుచుకుంటూ వెళ్లి ఏ రెక్క స్తంభానికి దగ్గరగా ఉందో దాని పక్కనే నిలబడి నడపగలడు. ఫెనామ్ 300 రెక్కల వెడల్పు 15.9 మీటర్లు. 18 మీటర్ల తలుపులోంచి పోతే ఒక్కో వైపు మీటరు కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది. తిన్నగా వెళ్తే అది చాలు. మలుపులో మాత్రం వెనక్కి వాలిన రెక్కల కొస మన అంచనా కంటే బయటికి కొడుతుంది. అది కంటికి కనిపిస్తుంటే సగం టెన్షన్ తగ్గినట్టే.

అలాగని ఒక్క మనిషితో పని అయిపోతుందన్న ప్రచారానికి పడిపోకండి. ఒకే సమయంలో రెండు రెక్కలూ, తోకా చూడగల కళ్లు ఎవరికీ లేవు. రెండో రెక్క దగ్గర ఇంకో మనిషి కావాల్సిందే. చేతులు అడ్డంగా పైకెత్తితే అక్కడికక్కడే ఆగిపోవాలని ముందే అనుకోవాలి. రిమోట్ బటన్ వదిలేస్తే టగ్ వెంటనే ఆగుతుందా, సిగ్నల్ పోతే ఏం చేస్తుంది, రిమోట్ బ్యాటరీ మధ్యలో అయిపోతే ఏంటి, వీటిని నోటితో అడగడం కాదు, మీ కళ్ల ముందు చేయించి చూడండి. దూరాలకి ఇది పనికిరాదు. నడక వేగంతో కిలోమీటరు దూరం విమానం వెంట నడవాలని ఎవరికీ ఉండదు.

చిన్న జెట్లకి చేతి టగ్

విజన్ జెట్ లాంటి వాటికి వెనక నడుస్తూ హ్యాండిల్ పట్టుకుని నడిపే చిన్న బ్యాటరీ టగ్‌లు సరిపోతాయి. చవక, మూలన పెట్టేయొచ్చు. అయితే గుమ్మం ముందు వాలు ఉంటే ఇవి ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఇబ్బంది పెడతాయి, బ్రేక్ సరిపోదు. 3,900 కిలోల సిటేషన్ మస్టాంగ్ దాటితే వీటి జోలికి వెళ్లకండి. నేలలో విన్చ్ పెట్టి తాడుతో లోపలికి లాగే పద్ధతి కూడా ఉంది కానీ అది లాగుతుందే తప్ప స్టీరింగ్ తిప్పదు.

బ్యాటరీనా, ఇంజినా

మూసి ఉన్న హ్యాంగర్‌లోకి పొగ వదిలే ఇంజిన్ తేవడం నాకు నచ్చదు. లోపల పనిచేసే మనుషులూ ఊపిరి పీల్చాలి, పక్కన ఇంధనం నింపిన రెక్కలున్నాయి. బయట దూరాలు తిరిగే ట్రాక్టర్‌కి డీజిల్ సరే.

బ్యాటరీలో సీసం-ఆమ్లం రకమైతే బరువు ఎక్కువ, కానీ టగ్‌లో బరువు మంచిదే, పట్టు ఇస్తుంది. నీళ్లు పోస్తూ ఉండాలి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట, విమానానికి దూరంగా ఛార్జర్ పెట్టాలి. లిథియం తొందరగా ఛార్జ్ అవుతుంది, మధ్యమధ్యలో కొంచెం కొంచెంగా ఎక్కించినా పర్వాలేదు.

వ్యక్తిగత జెట్ దగ్గర బ్యాటరీని చంపేది పని కాదు, ఖాళీగా ఉండటం. మూడు వారాలు ఎవరూ ముట్టుకోరు, శుక్రవారం రాత్రి హఠాత్తుగా విమానం బయటికి తీయాలి, చూస్తే టగ్ చచ్చి పడి ఉంటుంది. సీసం బ్యాటరీని అలా డిశ్చార్జ్ అయిన స్థితిలో వదిలేస్తే లోపల సల్ఫేట్ పేరుకుని మళ్లీ కోలుకోదు. ఎప్పుడూ తగిలించి ఉంచినా పాడు చేయని మెయింటెనెన్స్ ఛార్జర్ తీసుకోండి. బ్యాటరీ పూర్తిగా పోయినా చక్రాన్ని చేత్తో దించి టగ్‌ని విడదీసే మార్గం ఉందా అని కూడా అడగండి. విమానం ముక్కు గాల్లో, టగ్ కదలక, కెప్టెన్ గడియారం చూసుకుంటూ నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

ముక్కు ముందా, తోక ముందా

తోక ముందుగా వెనక్కి నెట్టి పెడితే టగ్ గుమ్మం వైపు ఉంటుంది, విడదీసి హాయిగా బయటికి వచ్చేస్తుంది. ముక్కు ముందుగా లాక్కెళ్తే టగ్ విమానానికీ వెనక గోడకీ మధ్య ఇరుక్కుంటుంది. టో బార్ ట్రాక్టర్ అయితే ఆరేడు మీటర్లు వృథా. లోతు తక్కువ హ్యాంగర్‌లో ముక్కు ముందు పెట్టే అలవాటు ఉంటే పొట్టి టగ్ తప్ప గతి లేదు. జీ650 లాంటి 30 మీటర్ల రెక్కల జెట్ పక్కన చిన్న జెట్లను సర్దే చోట ఇది రోజూ ఎదురయ్యే లెక్క. ఆ జెట్ గరిష్ఠ బరువు 45 టన్నులు, దానికి కొన్న టగ్ చిన్న జెట్ ముక్కు చక్రానికి మరీ పెద్దదై కూర్చోవచ్చు. అలాంటి హ్యాంగర్‌కి ఒక పెద్ద టగ్ కంటే రెండు వేర్వేరు సైజులవి మేలు.

సంతకం పెట్టే ముందు

మీ విమానం తయారీ కంపెనీ ఈ టగ్‌ని ఈ మోడల్‌కి అంగీకరించిందా? రాతపూర్వకంగా ఉండాలి. నోస్ గేర్‌కి ఏదైనా జరిగిన రోజు వారంటీవాళ్లూ, ఇన్సూరెన్స్‌వాళ్లూ ముందు అడిగేది ఆ కాగితమే.

పాత టగ్ కొంటే విడిభాగాలు ఎవరిస్తారో కనుక్కోండి. కంపెనీలు చేతులు మారుతుంటాయి: లెక్ట్రోని 2019లో జేబీటీ కొంది, జేబీటీ విమానాశ్రయ పరికరాల విభాగాన్ని 2023లో ఓష్‌కోష్ కొంది. యంత్రం మీద ఉన్న పేరుతో వెతికితే తప్పు చోటికి వెళ్తారు. టగ్ ఊయల కింద హైడ్రాలిక్ నూనె మరకలు, ఎత్తి ఉంచితే గంటలో ఎంత దిగుతోంది, బ్యాటరీ మీద తయారీ తేదీ, ఇవి చూడకుండా రంగు చూసి కొనకండి.

డెమో మీ హ్యాంగర్‌లోనే అడగండి, మీ విమానంతో, నేల మీద నీళ్లు చల్లి. నడపాల్సింది వాళ్ల నిపుణుడు కాదు, రేపు రాత్రి నడపబోయే మీ మనిషి. విమానాన్ని సగం లోపలికి తెచ్చి, ప్రధాన చక్రాలు గాడి అంచున ఉండగా ఆపమనండి. అక్కణ్నుంచి ఊపు లేకుండా, అంగుళం అంగుళంగా ముందుకు కదలమనండి.